టెంటు హారర్ సినిమాకి వచ్చిన అభిప్రాయాలు: ఏది పట్టించుకోవాలి, ఏది సరిచెయ్యాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తలకోన లాంటి అడవిలో ఐదుగురు స్నేహితులు టెంట్లు వేసుకుని ఒక రాత్రి ఇరుక్కుపోయే కథ. సినిమా 96 నిమిషాలు, నవంబరులో తీశారు. తిరుపతిలో ఒక కాలేజీ సెమినార్ హాల్లో 40 మందికి ప్రొజెక్టర్ మీద వేశారు. బయటికొచ్చినవాళ్ళు అన్న మాటలు: భయం వెయ్యలేదు, మొదటి అరగంట బోరు, చీకట్లో ఏమీ కనబడలేదు, మాటలు వినబడలేదు, తల తిరిగింది, లాజిక్ లేదు, ఎండింగ్ అర్థం కాలేదు. చేతిలో 60 వేలు, రెండు రాత్రుల షూటింగుకి ఓపిక మిగిలాయి. దేనితో మొదలుపెట్టాలి?

ఈ ఏడింటిలో అసలు లోపాలు రెండే: శబ్దం, స్థలం. మిగతావి ఎక్కువ భాగం ఈ రెండింటి నుంచి పుట్టినవే. ఆసుపత్రికి వచ్చిన మనిషి నొప్పి ఎక్కడో సరిగ్గానే చూపిస్తాడు, జబ్బు పేరు మాత్రం తన నోటికొచ్చింది చెబుతాడు. సినిమా చూసినవాళ్ళ మాటనూ అట్లాగే తీసుకోవాలి. ఏ నిమిషంలో విసుగొచ్చిందో వాళ్ళు చెప్పింది నమ్మండి. 'ఇంకో రెండు జంప్ స్కేర్లు పెట్టుంటే బాగుండేది' అని, హఠాత్తుగా ఉలిక్కిపడేలా చేసే సీన్లు అడిగే మందు మాత్రం వాళ్ళదగ్గరే వదిలెయ్యండి.

ముందు హాలు వల్ల వచ్చిన మాటల్ని పక్కన పెట్టండి. సెమినార్ హాళ్ళలో కిటికీ తెరల పక్కనుంచి వెలుతురు వస్తుంది. అక్కడి ప్రొజెక్టర్లు తెల్ల స్లైడు మీద నల్ల అక్షరాలు చూపించడానికి కొన్నవి. వాటికి నలుపు అంటే ముదురు బూడిద రంగే. సీలింగ్ స్పీకర్లలో 100 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ రాదు కాబట్టి మీరు కష్టపడి పెట్టిన గుర్రుమనే లోతైన శబ్దం ఎవరి చెవికీ చేరి ఉండదు. అందుకే 'చీకటి', 'వినబడలేదు' అన్న రెండిట్లో ఎంత సినిమాదో, ఎంత హాలుదో తేల్చుకోండి. అదే ఫైలును రాత్రి లైట్లు ఆర్పేసి ఒక మామూలు టీవీలో, తర్వాత ఫోనులో ఇయర్‌ఫోన్లతో చూడండి. మూడు చోట్లా కనబడని షాట్ ఏదైతే ఉందో దాని టైమ్‌కోడ్ (సినిమాలో ఎన్నో నిమిషం, ఎన్నో సెకను) రాసుకోండి. అలాంటివే సినిమా తప్పులు.

ఇప్పుడు స్థలం. 'భయం వెయ్యలేదు' అని రాసినవాళ్ళకి ఫోన్ చేసి ఒక్కటే అడగండి: టెంటు నుంచి వాగుకి ఎటు పోవాలి? వ్యాను ఎక్కడ నిలిపారు? చెప్పలేకపోతే వాళ్ళకి భయం రాకపోవడంలో వింతేం లేదు. ఇంట్లో జరిగే హారర్‌లో తలుపు, మెట్లు, వంటిల్లు ఎట్లా ఉంటాయో చూసేవాడికి ముందే తెలుసు. అడవిలో ప్రతి చెట్టూ పక్క చెట్టులాగే ఉంటుంది. ఎటునుంచి ఏమొస్తుందో ఊహించలేనివాడు ఎదురు చూడలేడు, ఎదురుచూపు లేకపోతే ఉలికిపాటే తప్ప భయం ఉండదు. ఈ రకం సినిమాలు తీసేవాళ్ళు ఎక్కువమంది జారిపడే చోటు ఇదే. దారి తప్పిన పాత్రల్ని చూపిస్తున్నాం కదా అని చూసేవాళ్ళని కూడా దారి తప్పిస్తారు. పాత్రలు దారి తప్పినట్టు తెలియాలంటే, ముందు దారి ఏదో చూసేవాడికి తెలిసి ఉండాలి.

దీనికి మీకు కావాల్సింది పగటి వెలుగులో మూడు షాట్లు. ఎత్తైన బండ మీదనుంచి ఒక వైడ్: టెంట్లు, వాగు, వ్యాను వచ్చిన బాట మూడూ ఒకే ఫ్రేములో, కనీసం 6 సెకన్లు. రెండోది, ఒక పాత్ర బిందె పట్టుకుని టెంటు నుంచి వాగు దాకా కట్ లేకుండా నడవడం, 35 నుంచి 40 సెకన్లు. దారిలో మరిచిపోలేని గుర్తు ఒకటి ఉండాలి. తలకోన ఎరిగినవాళ్ళకి గిల్లతీగ గుర్తుంటుంది, మనిషి నడుమంత లావున చెట్ల మీద పాకే ఆ తీగ లాంటిదే కావాలి. మూడోది, అదే గుర్తును సాయంత్రం వెలుగులో రెండోవైపు నుంచి. ఈ మూడూ పడ్డాక, రాత్రి ఎవడో పరుగెత్తుతుంటే టార్చి వెలుగులో ఆ తీగ కనబడిందంటే చాలు, హాల్లో ఉన్నవాళ్ళకి వాడు వాగువైపు పోతున్నాడని, వ్యాను వెనక పడిపోయిందని తెలుస్తుంది. అరిచే సంగీతం కన్నా అది గట్టిగా పనిచేస్తుంది.

మొదటి అరగంట బోరు అన్నది కూడా చాలావరకు ఇక్కడిదే. ఆ అరగంటలో వ్యానులో పాటలు, ఒకరినొకరు ఆటపట్టించుకోవడం ఉండి ఉంటాయి. అంతసేపు చూసినా కొత్తగా ఏమీ తెలియలేదు కాబట్టి విసుగు. ఆ భాగాన్ని 17, 18 నిమిషాలకి కొయ్యండి. కోసేటప్పుడు ఒకటే చూసుకోండి: ఈ సీను తీసేస్తే రాత్రి జరిగేది ఏదైనా అర్థం కాకుండా పోతుందా? పోదంటే తీసెయ్యండి. కెమెరామన్ ఎంత కష్టపడ్డాడన్నది దానిలో లెక్క కాదు.

ఇక శబ్దం. మీ 60 వేలలో సగానికి పైగా ఇక్కడే పెట్టండి.

అడవిలో రికార్డు చేసిన మాటల్లో కీచురాళ్ళు ఉంటాయి. వాటి శబ్దం ఎక్కువగా 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య పడుతుంది, 'స', 'చ' లాంటి అక్షరాల స్పష్టత ఉండేదీ అక్కడే. ఒక షాట్‌లో కీచురాళ్ళు గట్టిగా, తర్వాతి షాట్‌లో మెల్లగా ఉంటే ప్రతి కట్ దగ్గరా చెవి గతుక్కుమంటుంది. చూసేవాడికి కారణం తెలీదు. 'ఏదో షార్ట్ ఫిల్ము లాగుంది' అంటాడు. దీనికి చేసే పని ఇట్లా: మాటల ట్రాక్ మీద నాయిస్ రిడక్షన్ కొద్దిగానే పెట్టండి, 6 నుంచి 8 డెసిబెల్స్. ఎక్కువ లాగితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. తర్వాత ఒకే చోట, ఒకే రాత్రి రికార్డు చేసిన అడవి శబ్దాన్ని సీను మొత్తానికీ కింద పరుపులా వెయ్యండి. అది కనీసం రెండు, మూడు నిమిషాల పొడవుండాలి. 20 సెకన్ల ముక్కను తిప్పి తిప్పి వేస్తే అదే పక్షి అదే చోట కూయడం జనం పట్టేస్తారు. మీ దగ్గర అంత నిడివి లేకపోతే ప్యాచ్ షూట్ (తక్కువైన షాట్లు మళ్ళీ తీసే చిన్న షూటింగ్) రోజు అందర్నీ నోరు మూసుకుని నిలబడమని, మైకుకి బొచ్చు తొడుగు వేసి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీసుకోండి.

జలపాతం పక్కన తీసిన సీన్లు ఏ సాఫ్ట్‌వేర్‌కీ లొంగవు. నీటి హోరు అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ నిండి ఉంటుంది, దాన్ని తీస్తే మాట కూడా దానితోపాటే పోతుంది. ఆ సీన్లు డబ్బింగే. మనవాళ్ళకి డబ్బింగ్ కొత్త కాదు గాని, చిన్న గదిలో చెప్పిన మాట బయట చెప్పినట్టు ఉండకపోవడమే తంటా. గది గోడల మోత అందులో ఉంటుంది. చుట్టూ మందపాటి దుప్పట్లు, పరుపులు నిలబెట్టి, షూటింగులో వాడిన మైకునే నోటికి రెండడుగుల దూరంలో పెట్టండి. నటుణ్ణి కూర్చోబెట్టకండి. పరుగెత్తే సీనుకి అక్కడే 20 సార్లు గుంజీళ్ళు తీయించి, ఆయాసం ఉండగానే చెప్పించండి. హోరులో మనిషి గొంతు పెంచి మాట్లాడతాడు. డబ్బింగ్‌లో మామూలు గొంతుతో చెప్పిస్తే పెదాలు కుదిరినా అబద్ధమని తెలిసిపోతుంది.

అడుగుల చప్పుడుకి ఎండు టేకాకులు గోనెసంచి నిండా తెచ్చుకుని తొక్కుతారు, బాగానే వస్తుంది. కానీ మీరు తీసింది నవంబరులో. మనవైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. తెర మీద నేల తడిగా, ఆకులు మెరుస్తూ ఉంటే కింద కరకరమనే ఎండాకు శబ్దం వేశారంటే ఆ సీను 'ఆర్టిఫిషియల్' అనిపిస్తుంది. తడి నేలకి గోనెసంచిని నీళ్ళలో ముంచి, మట్టి మీద పరిచి తొక్కండి.

లైబ్రరీ శబ్దాల్లో తోడేలు ఊళ వేశారా? తీసెయ్యండి. అమెరికా సినిమాల్లో వినే ఆ పొడుగు ఊళకి చిత్తూరు జిల్లా ప్రేక్షకుడు నవ్వుతాడు. నక్కల గుంపు కూత, గుడ్లగూబ, దూరంగా ఊళ్ళో కుక్కలు మొరగడం అతనికి తెలిసినవి. వాటిలో ఒకటి ఆగిపోయినప్పుడు వచ్చే భయం కూడా అతనికి తెలుసు. మనిషి దగ్గరికొస్తే కీచురాళ్ళు నిజంగానే ఆగిపోతాయి. మీ సినిమాలో దెయ్యం రాకముందు 8, 10 సెకన్ల మీద కీచురాళ్ళని మెల్లగా తగ్గించుకుంటూ సున్నాకి తెండి. సంగీతం వద్దు. ఇదొక్కటి సరిగ్గా కుదిరితే మీ సినిమాలో సగం జంప్ స్కేర్లు తీసెయ్యొచ్చు.

మాటలు వినబడకపోవడానికి ఇంకో కారణం లెవెల్స్. యూట్యూబు సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) కన్నా గట్టిగా ఉన్న ఫైలును మొత్తంగా తగ్గిస్తుంది. మీరు బీజీఎమ్ పగిలేలా పెంచి మైనస్ 9 దగ్గర ఎక్కించారనుకోండి, అది 5 డెసిబెల్స్ కిందికి లాగుతుంది, ముందే మెల్లగా ఉన్న గుసగుసలు ఇంకా కిందికి పోతాయి. మాటల్ని ముందు కూర్చోబెట్టి, వాటి చుట్టూ మిగతా శబ్దాన్ని కట్టండి. ఇంకోటి, మన హాళ్ళలో జనం ఉలిక్కిపడ్డాక ఊరుకోరు, అరుస్తారు, నవ్వుకుంటారు, పక్కవాణ్ణి గిల్లుతారు. కాబట్టి పెద్ద ఉలికిపాటు తర్వాత 6 నుంచి 8 సెకన్ల దాకా కథకి అవసరమైన మాట ఏదీ పెట్టకండి. 'ఎండింగ్ అర్థం కాలేదు' అన్నవాళ్ళలో కొంతమంది ఆ మాటే వినలేదేమో చూసుకోండి.

చీకటికి వస్తే, తీసిన షాట్లలో వెలుగు లేకపోతే గ్రేడింగులో (రంగు, వెలుగు సరిచేసే పనిలో) పెంచినా గింజల్లాంటి చుక్కలే వస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వెలుగు కొలిచే వేవ్‌ఫామ్ గ్రాఫ్ మీద చూడండి (ఐఆర్ఈ కొలతలో సున్నా నలుపు, 100 తెలుపు): ముఖం 20 నుంచి 30 ఐఆర్ఈ మధ్య ఉండి, వెనకాల ఏదో ఒక కొమ్మో బండో 8, 10 దగ్గర మెరుస్తూ ఉంటే అది చీకటి. వెనకాల అంతా సున్నా అయితే అది నల్ల గుడ్డ, లోతు కనబడదు. ప్యాచ్ షూట్‌లో టెంటు లోపల 2700 నుంచి 3200 కెల్విన్ (పసుపు ఛాయ) ఎల్ఈడీ ఒకటి పెడితే టెంటే లాంతరై వెలుగుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, లోపల వెండి పూత ఉన్న టెంటు కొనడం. అది ఎండని ఆపడానికి చేసింది, లోపలి వెలుగుని బయటికి రానివ్వదు. పలచటి పసుపు లేక నారింజ రంగు, పూత లేని నైలాన్ గుడ్డ కావాలి. చవక హెడ్ టార్చీలు తక్కువ వెలుగులో పెడితే తెర మీద చారలు పాకుతాయి. అవి వెలుగు తగ్గించడానికి లోపల వేగంగా ఆరి వెలుగుతుంటాయి, షట్టర్ 1/50 పెట్టినా పోదు. పూర్తి వెలుగులో పెట్టి, అద్దం మీద ఒకటో రెండో పొరలు ట్రేసింగ్ పేపరు అతికించండి. యూట్యూబుకి ఎక్కించేటప్పుడు 1080లో తీసినా 4కే‌కి పెంచి, సన్నటి గ్రెయిన్ కలిపి ఎక్కించండి. లేకపోతే చీకటి భాగాలన్నీ గళ్ళుగళ్ళుగా విడిపోతాయి.

సాయంత్రం షాట్లకి సమయం చాలా తక్కువ. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల అక్షాంశంలో ఉంది, పొద్దు గూకిన 20, 25 నిమిషాల్లో నీలం వెలుగు అయిపోతుంది. ఆలోపు రెండు షాట్లకి మించి పెట్టుకోవద్దు.

'లాజిక్ లేదు' అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మనవైపు ప్రేక్షకుడికి శేషాచలం తెలుసు. రాత్రి అడవిలో టార్చి వెలుగు కనబడితే అతనికి దెయ్యం తర్వాత సంగతి, ముందు ఎర్రచందనం గుర్తొస్తుంది. స్మగ్లర్లని పట్టే టాస్క్‌ఫోర్స్ కేంద్రం ఉన్న ఊరు తిరుపతి. ఐదుగురు కుర్రాళ్ళు రాత్రంతా మంట వేసుకుని కూర్చుంటే 'ఫారెస్టోళ్ళు యాడికి పోయినారప్పా' అని మొదటి పావుగంటలోనే అడుగుతాడు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడులు, ఆ తర్వాత భక్తులకి కర్రలు పంచడం అన్నీ అతని కళ్ళముందే జరిగాయి. పలమనేరు, కుప్పం వైపువాడైతే ముందు ఏనుగుల గురించే అడుగుతాడు, కౌండిన్య అభయారణ్యం పక్కన పొలాలున్నవాళ్ళకి ఏనుగు కన్నా పెద్ద దెయ్యం లేదు. ఈ భయాలు ఏవీ మీ పాత్రల నోట రాకపోతే వాళ్ళు వేరే ఊరినుంచి ఊడిపడినట్టు ఉంటారు. ఫోనెందుకు చెయ్యలేదన్నదీ ఈ కోవలోదే, సిగ్నల్ లేని ఫోను 2 సెకన్లు చూపిస్తే తీరిపోతుంది.

దీన్ని లోపంగా కాక సరుకుగా వాడుకోండి. గుట్ట మీద వెలుగు కనబడగానే ఒకడు టాస్క్‌ఫోర్స్ అంటాడు, ఇంకొకడు ఎర్రచందనం కొట్టే కూలీలంటాడు, అందరూ లైట్లు ఆర్పేసి పడుకుంటారు. అక్కడినుంచి పది నిమిషాలు చూసేవాడు మనుషుల భయంలో ఉంటాడు. అది మనిషి కాదని తెలిసేసరికి లైట్లు వాళ్ళే ఆర్పేసుకుని ఉన్నారు. డబ్బింగులో నాలుగు మాటలు మారిస్తే, ఒక దూరపు వెలుగు షాట్ కలిపితే అయిపోయే పని ఇది. శేషాచలం కొండను మాత్రం పేరు పెట్టి దెయ్యాల కొండ చెయ్యకండి. అది జనం చేతులెత్తి మొక్కే కొండ, తలకోనలో సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది. ఊహించిన ఊరి పేరు పెట్టండి.

కెమెరా ఊగడం వల్ల తల తిరిగిందన్న ఫిర్యాదు ఈ రకం సినిమాలకి పాతదే. అడవిలో తప్పిపోయినవాళ్ళే చేతి కెమెరాతో తీసినట్టుండే అమెరికా హారర్ సినిమా ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్ 1999లో వచ్చినప్పుడు ఎంతోమంది హాల్లోంచి అదే మాట అంటూ బయటికొచ్చారు. విమర్శకులు మెచ్చుకుంటుంటే, మామూలు ప్రేక్షకుల దగ్గర సినిమాస్కోర్ అనే సర్వే సంస్థ తీసుకున్న అభిప్రాయంలో దానికి సి ప్లస్ వచ్చింది. లక్ష డాలర్లలోపు ఖర్చుతో షూటింగ్ ముగించిన ఆ సినిమా దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది. జనం రెండుగా చీలడం ఈ జాతి సినిమాకి మామూలు, దానికి బెంగపడకండి. కాని ఊగే షాట్ ఒకటి 6, 7 సెకన్లు దాటితే మధ్యలో కదలని షాట్ పెట్టండి, మాట్లాడేటప్పుడు కెమెరా నిలబడాలి.

ఎండింగుకి కూడా ఆ సినిమాలోనే దారి ఉంది. చివరి దృశ్యం చాలామందికి అర్థం కాలేదు. వేరే ముగింపులు తీసి చూశారు, చివరికి మొదటిదే ఉంచారు. దాన్ని విప్పే మాటను సినిమా మొదట్లో ఊరివాళ్ళ ఇంటర్వ్యూలో కలిపారు. మీరూ చివర్లో వివరణ ఇవ్వకండి. 12వ నిమిషం దగ్గర టీకొట్టు ముందు ఒక ముసలామె ఎండింగుని విప్పే మాట 20 సెకన్లు చెబితే చాలు, ఆ ఐదుగురూ నవ్వుకుని వెళ్ళిపోవాలి. ఆమె మన యాసలోనే మాట్లాడాలి, ఆమెను జోకు చెయ్యకూడదు.

ప్యాచ్ షూట్ అడవిలోనే అని పట్టుబట్టొద్దు. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలోది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యాల్లోకి, జాతీయ పార్కుల్లోకి పోవడానికి, చిత్రీకరణకి అటవీశాఖ అనుమతి కావాలి. అదే చట్టం 30వ సెక్షన్ అడవికి ప్రమాదమయ్యేలా లోపల మంట వెయ్యడాన్ని నిషేధిస్తుంది. మీ చలిమంట సీను ఎక్కడ తీశారో రాయలేదు, ఇంకో షాట్ కావాలంటే మాత్రం బయటే తియ్యండి. తిరుమల కొండల మీద డ్రోను ఊసే వద్దు.

అడవికి బదులు చవగ్గా దొరికేది మామిడితోపు. చిత్తూరు జిల్లాలో ముదురు తోతాపురి తోపులకి కొదవలేదు, సొంతదారు ఒప్పుకుంటే చాలు. చిక్కల్లా వరసలే. చెట్లు సమదూరంలో నాటి ఉంటాయి, వరస వెంబడి కెమెరా పెడితే తోట అని ఇట్టే తెలుస్తుంది. వరసకి ఐమూలగా, నడుము కన్నా కిందినుంచి, 50 మిల్లీమీటర్లకి పైబడిన లెన్సుతో తియ్యండి. ముందు ఎండుకొమ్మలు నిలబెట్టండి, కింద పాదులు, డ్రిప్ పైపులు కనబడకుండా ఆకులు కప్పండి. మంట వెలుగు సరిపోదు. దాని వెనక ముదురు నారింజ ఎల్ఈడీలు రెండు, వేరువేరు వేగాల్లో మినుకుమనేలా పెట్టండి. జనరేటర్ వాడితే 50 మీటర్ల వైరుతో గట్టు వెనక పెట్టండి. దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, గట్టు ఉంటే ఇంకా. రాత్రి తోపులో రక్తపింజర, కట్లపాము ఉంటాయి. అందరికీ బూట్లు, చేతిలో టార్చి, పాముకాటు మందున్న ప్రభుత్వ ఆసుపత్రికి దారి ముందే చూసుకుని ఉండటం తప్పనిసరి. వేసవిలో తీస్తే నేల ఎండి, నవంబరు షాట్లతో కలవదు. గడువుంటే వానల తర్వాత తియ్యండి, లేదంటే నీళ్ళ ట్యాంకరు పెట్టి ఫ్రేములో కనబడే నేలంతా తడపండి.

పని వరుస ఇదీ: ముందు కోత, తర్వాత పగటి మూడు షాట్లు, ముసలామె, దూరపు వెలుగు ఒకే ప్యాచ్‌లో, చివరికి డబ్బింగ్, మిక్సింగ్. మిక్సింగ్ అయిపోయాక మళ్ళీ ఎడిట్ ముట్టుకుంటే డబ్బు రెండుసార్లు పోతుంది. థియేటరులో వెయ్యాలంటే సెన్సారు సర్టిఫికెట్ కావాలి. 2024 చివరినుంచి యూఏలో 7, 13, 16 ఏళ్ళ అంచెలు వచ్చాయి, ఈ కథ 16+ అడగడం తెలివైన పని. యూట్యూబుకి సెన్సారు అక్కర్లేదు.

మళ్ళీ చూపించేటప్పుడు 20 మంది చాలు, అందులో మీ టీము చుట్టాలు, క్లాస్‌మేట్లు ఉండకూడదు. 'బాగుందా' అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. తెలుగులో ఒక కాగితం ఇచ్చి నాలుగే అడగండి: ఫోను ఎప్పుడు చూశారు, ఎవరి పేరు గుర్తుంది, చివర్లో ఏం జరిగింది, టెంటు, వాగు, వ్యాను ఎక్కడెక్కడున్నాయో బొమ్మ గియ్యండి. అందరి అనుమతితో ముందునుంచి ఒక ఫోను కెమెరా ప్రేక్షకుల వైపు పెట్టి, సినిమా మొదలైన క్షణం తెర మీద తెల్ల ఫ్లాష్ ఒకటి పడేట్టు చేస్తే తర్వాత టైమ్‌కోడ్ కలపొచ్చు. ఒకే నిమిషం దగ్గర ముగ్గురు తల దించితే ఆ సీను మళ్ళీ చూసుకోండి, ఏడెనిమిది మంది దించితే కొయ్యండి. ఉలికిపాటు తర్వాత వచ్చే నవ్వు మంచిది, ముందు వచ్చే నవ్వు స్క్రిప్టు తప్పు. బొమ్మ సరిగ్గా గీసినవాళ్ళు కనీసం 12 మంది లేకపోతే పగటి షాట్లు ఇంకా చాల్లేదన్నమాట, డబ్బింగు థియేటరు బుక్ చేసేముందే వాటిని పొడిగించండి.